దుడ్లు కట్టి సెలెక్షన్ క్యాంపుకు పోవాల్నా?

మొన్న బడులకు ఎండాకాలం సెలవులిచ్చిన రెండోనాడు మా అంగడికి ఒకన్న వచ్చినాడు. నంద్యాలలో నేనూ మా ఆయనా కలిసి చిన్న నెట్ సెంటర్ నడుపుతాండాం. జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, కౌన్సెలింగ్ ఆప్షన్లు, ఇవే మా బతుకు. ఆయనది ఆళ్లగడ్డ పక్క పల్లె. వెంట తొమ్మిదో తరగతి అయిపోయిన కూతురు. ఆ పాప చేతిలో ఫోను, ఫోన్లో వాట్సాప్‌కు వచ్చిన పోస్టరు.

జాతీయ స్థాయి సాఫ్ట్‌బాల్ సెలెక్షన్ క్యాంపు. ఏడు దినాలు. ఫీజు 6,500. టీషర్టు, టోపీ, సర్టిఫికెట్ ఇస్తారంట. ప్రతిభ చూపినోళ్లకు పేరున్న కాలేజీల్లో ఫ్రీ సీటంట. కింద ఒక ఫోన్ నంబరు, ఒక క్యూఆర్ కోడు. ఏ కాలేజీ, ఎవరు సెలెక్ట్ చేస్తారు, దేనికి సెలెక్ట్ చేస్తారు, ఆ మాట మాత్రం యాడా లేదు.

"మ్మా, నాకీ ఫోన్‌పే తెల్దు. నువ్వు కొట్టు, దుడ్లు నేనిస్తా" అని అంగీ జేబులోంచి రబ్బరుబ్యాండు వేసిన నోట్లు తీసినాడు. పదమూడు ఐదొందల నోట్లు. ముందే లెక్కబెట్టుకోని వచ్చినాడు మనిషి.

నేను వెంటనే కొట్టలేకపోయినా. ఎందుకంటే ఆ పాప వయసులో నేనూ సాఫ్ట్‌బాల్ ఆడినదాన్నే. ఇట్లాంటి క్యాంపుకు మా నాయనతో దుడ్లు కట్టిచ్చినదాన్నే.

ఆళ్లగడ్డ కాడ ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివినా. అప్పుడింకా నంద్యాల జిల్లా లేదు, అది 2022 ఏప్రిల్ 4న వచ్చింది. మాదంతా కర్నూలు జిల్లా. సాఫ్ట్‌బాల్ అంటే తెలియనోళ్ల కోసం ఒక్క మాట: అది బేస్‌బాల్‌కు చెల్లెలు లాంటి ఆట. తొమ్మిది మంది, ఏడు ఇన్నింగ్సులు, నాలుగు బేసులు. బాలు పెద్దది, చేయి కిందినుంచి తిప్పి వేస్తారు. ఆడపిల్లల ఆటలో బాలు వేసే చోటికీ కొట్టే చోటికీ నడుమ 43 అడుగులే దూరం. అంత దగ్గరనుంచి బాలు ఊపుగా వస్తే కన్ను మూసి తెరిచే లోపల బ్యాటు తిప్పాల. నేను క్యాచర్‌ని. బ్యాటు పట్టినోళ్ల ఎనక కూర్చోని బాలు పట్టుకునే పని. బడికంతా ఒకటే మాస్కు ఉండె, దాని బెల్టు తెగిపోతే చున్నీ ముక్కతో కట్టుకుంటిమి. బేసులకు గోతాంసంచుల్లో ఇసుక నింపి పెడితిమి.

మా పీఈటీ సారు ఈ ఆటను ఎందుకు పట్టుకున్నాడో దాచకుండా చెప్పె. "కబడ్డీకి, ఖోఖోకు, వాలీబాల్‌కు ఊరికొక జట్టు ఉంటాది. దీనికి జిల్లా మొత్తం కలిపినా కొన్ని జట్లే. పోటీ తక్కువ, మీరు పైకి పోతారు" అనె. అది నిజమే. నేను మండలం దాటినా, జిల్లా దాటినా, ఒకసారి రాష్ట్రం ఆడినా. జాతీయ పోటీలకు పోయే జట్టులో మాత్రం పేరు రాలేదు.

ఆ ఏడే ఎవరో చెప్పినారు, ఫలానా చోట నేషనల్ క్యాంపు పెడతాండారు, అక్కడికి పోతే నేషనల్ సర్టిఫికెట్ వస్తాదని. నాలుగు వేలు. మా నాయన రెండు పొట్టేళ్లు అమ్మినాడు. అయిదు దినాలు ఒక కల్యాణమండపంలో పండుకోబెట్టినారు. పొద్దున గంట, సాయంత్రం గంట ఆట. ఆఖరి దినం అందరికీ, ఆడినోళ్లకూ ఆడనోళ్లకూ, బంగారు రంగు అచ్చరాలతో సర్టిఫికెట్లు. దాన్ని మా నాయన అద్దం కట్టిచ్చినాడు.

ఇంటర్ అయినాక ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ కోటా కాగితాలు చూసే కాడ ఆ అద్దంలోంచి తీసిన సర్టిఫికెట్ పెట్టినా. ఆయన దాన్ని ముందుకూ ఎనక్కూ తిప్పి చూసి, "ఇది చెల్లదమ్మా" అని నా వైపు తోసినాడు. బడి తరపున రాష్ట్రం ఆడిన కాగితం మాత్రం తీసి పక్కన పెట్టుకున్నాడు. ఆ ఒక్క కాగితానికి సీటు రాలేదు, నాకంటే ముందు నేషనల్ ఆడినోళ్లు శానామంది ఉండిరి. రెండు పొట్టేళ్ల కాగితం మాత్రం లెక్కలోకే రాలా.

ఇప్పుడు అదే బల్లకు ఇవతల పక్క నేను కూర్చోనుండా. జూన్, జూలై వస్తే స్పోర్ట్స్ కోటాకు అప్లై చేసే పిల్లోళ్లు ఫైళ్లు ఎత్తుకోని వస్తారు. స్కాన్ చేసేది నేనే గదా, ప్రతి కాగితమూ చూస్తా. పది కాగితాలుంటే రెండో మూడో పనికొచ్చేవి. మిగిలినవన్నీ 'ఇన్విటేషన్ నేషనల్', 'ఓపెన్ ఇండియా కప్', 'టాలెంట్ క్యాంప్'. పేర్లు ఎంత పెద్దగుంటే విలువ అంత తక్కువ అని నాకొక లెక్క పడిపోయింది.

ఈ విలువ ఎవరు తేలుస్తారు? ఇది శానామంది పిల్లోళ్లకు తెలియని సంగతి, అందుకే రవ్వంత నింపాదిగా చెప్తా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆటగాళ్ల కోటాకు ముఖ్యంగా నాలుగు ఫారాలు ఉండాయి. దేశం తరపున ఆడినోళ్లకు ఫారం-1. రాష్ట్రం తరపున జాతీయ పోటీల్లో ఆడినోళ్లకు ఫారం-2, దీనిమీద ఆ ఆట సంఘం కార్యదర్శి సంతకం ఉండాల. యూనివర్సిటీ తరపున అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఆడినోళ్లకు ఫారం-3, యూనివర్సిటీ స్పోర్ట్స్ అధికారి సంతకం. రాష్ట్ర పాఠశాలల జట్టులో జాతీయ స్కూల్ గేమ్స్ ఆడినోళ్లకు ఫారం-4, విద్యాశాఖ అధికారి సంతకం. క్యాంపుకు ఫారమే లేదు. ఏడు దినాలు కాదు, ఏడు నెలలు క్యాంపులో ఉన్నా ఆ నాలుగింటిలో ఒక్కదానిమీదా నీ పేరు ఎక్కదు. జట్టులో నిలబడి పోటీ ఆడితేనే ఎక్కుతాది.

మన రాష్ట్రంలో సీట్లకూ ఉద్యోగాలకూ వేరే జీవోలు, వేరే వరుసలు ఉండాయి. దేనికి ఎంత విలువో ఆ నోటిఫికేషన్‌లోనే రాసుంటాది. కానీ దారి మాత్రం అదే: పోటీ, జట్టు, గుర్తింపు ఉన్న సంఘం. సర్టిఫికెట్లు నిజమా కాదా అని శాప్ వాళ్లు మళ్లీ తిరగేస్తారు. 

బళ్లో చదివే పిల్లోళ్లకు ఆ నిచ్చెన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్‌ది. మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయం. అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు వయసులు. సాఫ్ట్‌బాల్ అందులో ఉండాది. దీని మొదటి మెట్టు మీ హెడ్‌మాస్టరు, మీ పీఈటీ సారు. పేరు పంపేది వాళ్లే. పీఈటీ లేని బడి అయితే ఆ మెట్టే విరిగిపోయినట్టు. అసలు తగువు పడాల్సింది ఇక్కడ. బడికి ఆటల సారు లేడని అడిగే నాయన నాకు ఇంతవరకు కనపడలా, ఆరువేల ఐదొందలు పట్టుకోని వచ్చే నాయనలు మాత్రం ఏటా వస్తాండారు. వాళ్లను తప్పు పట్టట్లేదు నేను. అడిగితే ఎవరిస్తారు అనే అనుమానం, కడితే ఏదో ఒకటి చేతికొస్తాదనే ఆశ.

ఆశకు కారణమూ ఉండాది. ఆటతో బతుకులు మారింది మన చుట్టుపక్కలే కనపడతాండాది. ఆదోని పిల్ల అంజలి శర్వాణి 2022 డిసెంబర్‌లో ఇండియాకు ఆడింది. కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల శ్రీచరణి 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది, నవంబర్ 2న కప్పు గెలిచిన జట్టులో నిలబడింది. ఇద్దరూ ఎడమచేతి బౌలర్లే. విమెన్స్ ప్రీమియర్ లీగ్ వేలంలో ఇద్దరినీ మొదట కొన్నది 55 లక్షలకే, అదొక వింత. ఎర్రమల్లె మనకు పరాయి ఊరు కాదు, పక్క జిల్లానే. అప్పటినుంచి ప్రతి క్యాంపు ఫ్లెక్సీ మీదా ఆ పాప బొమ్మే. "రేపటి శ్రీచరణి మీ ఇంట్లోనే" అని. ఆ పాపకూ ఆ క్యాంపుకూ ఏం సంబంధమని అడిగేవాళ్లు లేరు.

ఉద్యోగాల్లో కూడా రవ్వంత దారి పెరిగింది. 2024 నవంబర్‌లో వచ్చిన కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచినారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే ఆటగాళ్లకు 421 పెట్టినారు. ఆ దినాల్లో మా అంగడి ముందర క్యూ ఉండె. నాతో కలిసి ఆడినోళ్లు కూడా వచ్చినారు, పిల్లలను చంకనేసుకోని. ఇంట్లో ట్రంకుపెట్టెల అడుగునుంచి తీసిన పాత సర్టిఫికెట్లు. చెదలు తిన్న మూలలు.

సీట్ల విషయానికొస్తే లెక్క శానా సన్నగుంటాది. ఈఏపీసెట్‌లో ఆటల కోటా అర శాతం. అంటే రెండొందల సీట్లకు ఒకటి. ట్రిపుల్ ఐటీల్లో కూడా అర శాతమే. మనకు దగ్గరుండే ఇడుపులపాయ క్యాంపస్‌లో వెయ్యి సీట్లనుకుంటే అయిదు. ఆ అయిదింటికి కబడ్డీ ఆడినోళ్లూ వస్తారు, చెస్ ఆడినోళ్లూ వస్తారు, స్కేటింగ్ ఆడినోళ్లూ వస్తారు. ఇంత ఇరుకు దారిలో 'ఫ్రీ సీటు గ్యారంటీ' అని ఎవరన్నా పోస్టరు మీద రాస్తే, ఆ గ్యారంటీ యాడనుంచి తెస్తాడో అడగాల గదా.

ఇదంతా మన పేద ఊర్ల కథే అనుకుంటాంటి. మొన్న మా పెదనాయన కొడుకు అమెరికానుంచి ఫోన్ చేసి మాట్లాడితే అక్కడా ఇదే పంచాయితీ అని తెలిసింది. వాళ్లుండేది డల్లాస్ పక్కన. వాళ్ల పాప హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడతాది. అమెరికాలో అది ఆడపిల్లలకు పెద్ద ఆట. ఒలింపిక్స్‌లో 1996 నుంచి 2008 దాకా ఉండె, తర్వాత తీసేసినారు, టోక్యోలో మళ్లీ పెట్టినారు, పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ వస్తాండాది. అక్కడ కాలేజీ కోచ్‌లే సొంతంగా క్యాంపులు పెడతారు. ఒక్క దినానికి నూటేబై, రెండొందల డాలర్లు. ఎనిమిదో తరగతి నుంచే పాప పేరు రాసి మెయిళ్లు వస్తాయంట: నీ ఆట మాకు నచ్చింది, మా క్యాంపుకు రా అని.

మా అన్న మురిసిపోయినాడు. తర్వాత తెలిసిందేమంటే, అక్కడి కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం పెద్ద డివిజన్ కోచ్‌లు పదకొండో తరగతి సెప్టెంబర్ 1 కంటే ముందు పిల్లలతో సీటు ముచ్చట మాట్లాడనే కూడదు. క్యాంపు కరపత్రం మాత్రం ఎప్పుడైనా పంపుకోవచ్చు. ఆ క్యాంపులు దుడ్లు కట్టిన ఎవరికైనా తెరిచే ఉండాల, అదీ నిబంధనే. అంటే ఆ మెయిల్ పాప ఆట చూసి రాసింది కాదు, వందలమందికి పోయిన కరపత్రం. ఒక జట్టుకు మొన్నమొన్నటిదాకా 12 స్కాలర్‌షిప్పులే, వాటినే ఇరవై మందికి తుంచి పంచేవాళ్లు. 2025 నుంచి కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ లెక్క మారి జట్టులో 25 మంది దాకా పెట్టుకోవచ్చన్నారు. అయినా ఒక్కో కాలేజీకి ఏటా కావాల్సింది ఆరేడు మందే. మూడో డివిజన్ కాలేజీల్లో అయితే ఆటకు స్కాలర్‌షిప్పే ఉండదు.

మరి పోవడం దండగా అని అడిగినా. మా అన్న చెప్పిన మాట నాకు నచ్చింది. "కోచ్‌కు మన పాప ముందే తెలిసుంటే, మ్యాచ్‌లో చూసుంటే, అప్పుడు క్యాంపుకు పోతే ఉపయోగం. తెలియని కోచ్ కాడికి పోతే ఆయన జీతానికి మనం చందా కట్టినట్టు" అన్నాడు. ఇప్పుడు వాళ్లు ముందు పాప ఆడిన వీడియో పంపుతారు, కోచ్ తిరిగి సొంతంగా నాలుగు మాటలు రాస్తేనే క్యాంపుకు పోతారు. డాలర్లలో సంపాదించేవాళ్లే ఇంత లెక్క చూసుకుంటాంటే, మిరపకోతకు పోయి దినానికి నాలుగొందలు తెచ్చేవాళ్లం మనమెంత చూసుకోవాల? ఆరువేల ఐదొందలంటే పదహారు దినాల కూలి. బస్సు ఛార్జీలు, బూట్లు వేరే.

అట్లని క్యాంపులన్నీ మోసమని నేను అనను. నా ఆట మారింది కూడా ఒక క్యాంపులోనే. ఫ్రీ క్యాంపు. ప్రతి ఎండాకాలం శాప్ తరపున జిల్లాల్లో పెట్టే శిక్షణ శిబిరం లాంటిదే. నెల దినాలు, పొద్దున ఆరుకు మొదలు. అప్పటిదాకా నాకు బాలు పట్టడం తెలుసు, కూర్చునేది తెల్దు. క్యాచర్ మోకాళ్లు ఎట్ల పెట్టాల, బాలు కిందబడితే ఒంటితో ఎట్ల ఆపాల, రెండో బేసుకు ఎట్ల విసరాల, ఇవన్నీ ఆ నెలలో నేర్చుకున్నా. నేర్పిన సారు సర్టిఫికెట్ మాట ఎత్తలా. ఇచ్చింది ఒక గుడ్డు, గుప్పెడు నానబెట్టిన శనగలు. మరుసటి ఏడు నేను జిల్లా జట్టులో ఉండా. అంటే ఆ నెల పనికొచ్చింది, పోటీల రూపంలో పనికొచ్చింది.

ఇట్లాంటి క్యాంపుల్లో లోపాలు లేవా అంటే ఉండాయి, శానా ఉండాయి. ప్రతి ఏడూ ప్రతి ఆటా పెట్టరు. మే నెల నంద్యాల ఎండ సంగతి మీకు చెప్పేదేముంది, ఎనిమిదిన్నర దాటితే గ్రౌండు పెనం అయితాది. నలభై మందికి రెండు బ్యాట్లు ఉంటాయి. పల్లెల్లో ఉండేవాళ్లకు ఫలానా చోట క్యాంపు జరుగుతాందని తెలిసేటప్పటికి అది అయిపోయుంటాది. ప్రైవేటు పోస్టరు మాత్రం ఇంటింటి వాట్సాప్‌కు చేరతాది. సర్కారు వాళ్లు ఈ ఒక్కటి నేర్చుకుంటే బాగుండు.

ప్రభుత్వం ఊరూరా ఆటలు పెట్టలేదా అంటే, 2023 డిసెంబర్ 26న మొదలుపెట్టి 'ఆడుదాం ఆంధ్రా' అని ఒకటి నడిపినారు. క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్, ఈ అయిదే. సాఫ్ట్‌బాల్ పిల్లలు గ్రౌండు గట్టున కూర్చోని చూసినారు. కడప పుట్లంపల్లిలో స్పోర్ట్స్ స్కూల్ ఉండాది, మంచిదే, కానీ అక్కడ పిల్లలను ముఖ్యంగా తీసుకునేది నాలుగో తరగతిలో. తొమ్మిదో తరగతిలో ఆట మీద మోజు పుట్టిన పాపకు ఆ తలుపు అప్పటికే మూసుకోనుంటాది. అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ పల్లె పిల్లలకు శానా చేసింది, అక్కడ సాఫ్ట్‌బాల్ కూడా ఉండాది. మేం రాష్ట్ర పోటీలకు పోయినప్పుడు అనంతపురం జట్టు వస్తాందంటే మాకు చెమటలు పట్టె. వాళ్లకు ఏడాది పొడుగునా గ్రౌండు, కోచ్, బువ్వ. మాకు పోటీలకు ముందు పది దినాల హడావుడి. తేడా అక్కడుండాది. ఏడు దినాల క్యాంపు ఈ తేడాను పూడ్చలేదు, ఎంత ఫీజు కట్టినా పూడ్చలేదు.

కాలేజీలోళ్ల కళ్లు యాడుంటాయో కూడా చెప్పాల. ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆటల సార్లు ఉంటారు. అంతర్ కళాశాలల పోటీల్లో కప్పు కావాలంటే వాళ్లకు జట్టు కావాల. వాళ్లు జిల్లా, రాష్ట్ర స్కూల్ పోటీలు జరిగే కాడికి వచ్చి గట్టున నిలబడి చూస్తారు. నన్ను కూడా ఒక సారు అట్లనే చూసి, మ్యాచ్ అయినాక మా పీఈటీ సారు కాడికొచ్చి, ఈ పాప మా కాలేజీలో చేరితే ఫీజు సగం తగ్గిస్తామన్నాడు. నేను డిగ్రీ చదివింది అట్లనే. ఆయన నన్నడిగిన ప్రశ్న ఒకటే: "పదిలో మార్కులెన్ని?" ఏ క్యాంపుకు పోయినావని అడగలా. చూసింది ఆట, అడిగింది మార్కులు. ఢిల్లీ యూనివర్సిటీ లాంటి చోట సాఫ్ట్‌బాల్‌కు స్పోర్ట్స్ కోటా ట్రయల్స్ ఉంటాయి, అవి కూడా యూనివర్సిటీనే పెడతాది, నడుమ క్యాంపు వాళ్ల పెత్తనం ఉండదు. వాళ్లు కూడా ప్రవేశ పరీక్ష మార్కులు కలిపే లెక్కేస్తారు.

అందుకని ఎవరన్నా అడిగితే నేను చెప్పేది ఇది. నేర్చుకోను పోతాండావా, పో. దగ్గర్లో ఫ్రీగా ఉంటే కచ్చితంగా పో. దుడ్లు కట్టాల్సిన క్యాంపు అయితే, నేర్పేది ఎవరు, ఆయన ఎవరికి నేర్పినాడు, ఆ పిల్లోళ్లు ఇప్పుడు ఏ జట్టులో ఆడతాండారు, ఈ మూడూ ఫోన్ చేసి అడుగు. నిజమైన కోచ్ అయితే పేర్లు చెప్తాడు. 'సెలెక్షన్' అన్న మాట ఉంటే మాత్రం, ఏ జట్టుకు సెలెక్షన్, ఏ సంఘం తరపున, ఆ సంఘానికి కేంద్ర క్రీడాశాఖ గుర్తింపు ఉందా అని అడుగు. ఆ జాబితా క్రీడాశాఖ వెబ్‌సైటులోనే ఉంటాది, మీ చేతిలో ఫోనే ఉండాది గదా. ఇంక జిల్లా జట్టుకో రాష్ట్ర జట్టుకో ఇప్పటికే ఎక్కిన పాప, ఒక లోపం సరిచేసుకునేదానికి మంచి కోచ్ కాడ పది దినాలు ఉండాలంటే, అప్పు చేయకుండా కట్టగలిగితే కట్టు. జట్టులో ఇంకా నిలబడని పిల్లకు మొదటి మెట్టు అది కాదు.

మా ఆయన ఈ విషయంలో నాతో ఒప్పుకోడు. "పల్లె పిల్ల ఒక వారం బయటి ఊరు చూస్తాది, నాలుగు జిల్లాల పిల్లలతో కలుస్తాది, ధైర్యమొస్తాది. దానికి ఆరువేలు ఎక్కువా?" అంటాడు. అందులో నిజం లేకపోలేదు. ఆ కల్యాణమండపంలో నాతో పక్కన పండుకున్న ఒక పిల్ల ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తాది. కానీ విహారయాత్ర అని చెప్పి దుడ్లు తీసుకుంటే నాకు కోపం లేదు. సీటు ఆశ చూపి తీసుకుంటారే, అది కదా తంటా. అందులోనూ ఆడపిల్ల విషయంలో ఒకసారి దుడ్లు పోతే ఇంట్లో వాళ్లు ఆటనే మానిపిస్తారు. మా ఊర్లో ఇద్దరిని అట్లనే మానిపిచ్చినారు. పదో తరగతికి చదువు సాకు, ఇంటర్‌కు దూరం సాకు, దాని తర్వాత పెండ్లి.

దూరం సాకు ఒకటి మాత్రం రవ్వంత తగ్గింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆళ్లగడ్డనుంచి నంద్యాలకు నలభై కిలోమీటర్ల దూరం, మా కాలంలో రానూపోనూ ఛార్జీకే నేను వారానికి రెండు దినాలు ఎగ్గొడితిని. ఇప్పుడు ఆధార్ కార్డు చూపితే చాలు. మొగపిల్లోళ్లకు ఆ వీలు లేదు, మా తమ్ముడు దీనిమీద ఎప్పుడూ అలుగుతాడు.

ఆ దినం ఆయనకు ఇదంతా ఇంత పొడుగ్గా చెప్పలేదు. అంగడి కాడ నలుగురు నిలబడుండిరి. ఆ పోస్టరు మీది నంబరుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టినా. "ఏ జట్టుకు సెలెక్షన్ సార్?" అన్నా. "నేషనల్ మేడం." "ఏ ఫెడరేషన్ సార్?" "మా సొంత ఫెడరేషన్ మేడం, త్వరలో గుర్తింపు వస్తాది." "ఫ్రీ సీటు ఏ కాలేజీలో సార్?" "ముందు రిజిస్ట్రేషన్ చేయండి మేడం, డిటైల్స్ గ్రూపులో పెడతాం." నేను మరొకటి అడిగేలోపల పెట్టేసినాడు.

ఆయన నోట్లకు మళ్లీ రబ్బరుబ్యాండు వేసుకున్నాడు. పాప మొగం మాత్రం చిన్నబోయింది, అది నేను చూడలేకపోయినా. "ఏం ఆడతావు పాపా?" అంటే "క్యాచర్ అక్కా" అనె. మా పాత పీఈటీ సారు ఇప్పుడు రిటైరై ఆళ్లగడ్డలోనే ఉండాడు, పొద్దున పూట పిల్లలను ఆడిస్తాండాడని విని ఉంటి. అక్కడే ఆయనకు ఫోన్ చేసినా. "పంపించు, ఆరు లోపల రావాల, లేటైతే గ్రౌండు చుట్టూ పదిసార్లు" అన్నాడు. గొంతు ఏం మారలా.

"గ్లవ్ ఉందా?" అంటే పాప తల అడ్డంగా ఊపింది. నాది ఇంట్లో అటక మీద ఉంటే దించి చూసినా. బొటనవేలు కాడ ఎలక కొరికింది, తోలు కుట్లు ఊడినాయి. చెప్పులు కుట్టే ఆయన నూటేబై అడిగినాడు. నూరుకు ఒప్పుకున్నాడు, రేపిస్తా అన్నాడు.